అమ్మ మాట్లాడే పెట్టె

“మా ఆవిడను పిలవండి,” అన్నాడు నాన్న మళ్లీ. “ఆవిడ వస్తే గాని నేను తినను.”

ఆ ఆవిడ ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది. చేతిలో జావ గిన్నె. చెంచా పెదవుల దగ్గరికి తెచ్చేసరికి ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, ఎవరో పరాయి ఆడమనిషి మీదికి వచ్చినట్టు గోడకేసి జరిగాడు. చెంచాలోది దుప్పటి మీద ఒలికింది.

అమ్మ గిన్నె కింద పెట్టి తడిగుడ్డతో దుప్పటి తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

గుమ్మంలో నిలబడిన పిట్టకు లోపలికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఇంటికి చిన్నకూతురు ఆమె. పిట్ట అన్నది నాన్న పెట్టిన పేరే. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేది కాదట. నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చినా ఇంటా బయటా ఆ పేరే నిలిచిపోయింది, ఒక్క నాన్న దగ్గర తప్ప. పొద్దున ఆమెను చూసి ఆయన, “కరెంటు ఆఫీసు నుంచా అమ్మా? మీటరు బయట ఉంది,” అని మర్యాదగా చెప్పాడు.

మనుషుల ముఖాలు ఆయనకు ఒక్కొక్కటే చెరిగిపోతూ వచ్చాయి. మొదట పక్కింటివాళ్లు, తర్వాత కోడలు, తర్వాత కన్నబిడ్డలు. అమ్మ ముఖం కూడా పోయి చాలాకాలమైంది. అయినా ఇల్లు గడుస్తూనే వచ్చింది. ముఖం పోయినా అమ్మ గొంతు ఆయనకు మిగిలింది. ఆ గొంతు లేవమంటే లేచేవాడు, తినమంటే తినేవాడు, మాత్ర వేసుకోమంటే పసిపిల్లాడిలా నోరు తెరిచేవాడు.

ఆ గొంతు అమ్మ కంఠంలోది కాదు. మెడలో గడ్డకు ఆపరేషన్ చేసి అమ్మ స్వరపేటిక తీసేసేనాటికి పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసు వాళ్లు. అప్పటినుంచీ అమ్మ మాట నడిమి గదిలోని పాత కంప్యూటర్‌లోనే ఉంది. తెల్లదల్లా పచ్చబడిపోయిన ప్లాస్టిక్ పెట్టె, దాని మీద బండరాయిలాంటి మానిటర్, లోపల మాటలు పలికే ఒక కార్డు. నాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్. ఆ కార్డుకు మన భాష నోరు తిరగదని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. సెలవు పెట్టి దాని ముందు కూర్చుని, ఏ అక్షరాన్ని ఎలా పలకాలో ఒక్కొక్కటే నేర్పాడు. ‘ళ’ మాత్రం దానికి ఎంతకీ పట్టుబడలేదు. పెళ్లిని పెల్లి అనేది, నీళ్లను నీల్లు అనేది. అది మీ అమ్మ పుట్టింటి యాసరా అని నాన్న నవ్వేసేవాడు.

ఆ గొంతులో కోపమూ వినపడదు, ముద్దూ వినపడదు. తిట్టినా భోజనానికి పిలిచినా ఒకటే వరస. అమ్మ మనసు ఎలా ఉందో పిల్లలు ఆమె టైపు చేసే మీటల చప్పుడులో పోల్చుకునేవాళ్లు. మీటలు టపటపలాడాయంటే చెప్పకుండానే పుస్తకాలు తెరిచేవాళ్లు.

పిట్ట బతుకుతెరువు కూడా ఆ పెట్టెలోంచే పుట్టింది. లోకం ఎప్పుడో పారేసిన కంప్యూటర్లను బతికించి నడపడం ఆమె పని. నల్లతెర మీద తెల్లక్షరాల కాలం నాటి పద్ధతి మీద తప్ప పనిచేయని మిషన్లు కుట్టు కార్ఖానాల్లో, ప్రెస్సుల్లో ఇంకా చాలానే ఉన్నాయి. వాటి హార్డ్ డిస్కులన్నిటికీ నకళ్లు తీసి భద్రపరిచిన మనిషి, సొంత ఇంట్లోని పెట్టెకు తీయలేకపోయింది. తీయడానికి పెట్టె విప్పాలి, విప్పితే ఆ పూట అమ్మ నోరు కట్టేసినట్టే. తర్వాత చూద్దాంలే అని అమ్మ ప్రతిసారీ దాటేసింది.

చివరికి మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ కారిపోయి, ఆకుపచ్చటి చిలుము రాగి గీతల్ని తినేసింది. మూడు రోజులైంది పెట్టె మూగబోయి, నాన్న సరిగా తినక. పిట్ట దాన్నంతా కడిగి, తెగిన గీతల మీద వెంట్రుకంత తీగలు అతికింది. నిన్న స్విచ్ వేస్తే లోపల టప్పుమంది. కరెంటు అందించే పవర్ సప్లై కాలిపోయింది. ఆ వాసన ఇవాళ్టికీ నడిమి గది వదిలిపెట్టలేదు.

హాల్లో అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో పిట్టకు తెలుసు. ఊరి చివర పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండే హోమ్ ఒకటి ఉంది. అక్కడ మంచం దొరికిందనీ, మధ్యాహ్నం వాళ్ల బండి వస్తుందనీ, తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ద్రవాహారం ఇస్తారనీ చెప్పాడు. చెప్పేటప్పుడు పిట్ట ముఖంలోకి చూడలేదు.

సాయంత్రం దాకా ఆగమని ఆమె బతిమాలింది. అలాంటి పవర్ సప్లై తన షాపులో ఇంకొకటి ఉంది, తెచ్చి పెడితే చాలు అంది.

“నాన్న పెదవులు చూశావా? ఎండిపోయి పగిలాయి. నువ్వేమో ఆ డబ్బాకు సెలైన్ ఎక్కిస్తానంటున్నావు.”

“గొట్టం వేస్తే పీకేసుకుంటాడు అన్నయ్యా. అప్పుడు చేతులు మంచానికి కట్టేస్తారు. అది నువ్వు చూడగలవా?”

“చూడలేను,” అన్నాడు అన్నయ్య. “అందుకే అక్కడికి పంపుతున్నాను.”

అన్నాక ఆ మాట తనకే వినపడ్డట్టుంది. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అతన్ని అనడానికి లేదు. తన వంతు ప్రయత్నం తనూ చేశాడు. కొత్త ట్యాబ్ కొనుక్కొచ్చాడు. అందులో ఏది రాసినా తీయటి ఆడగొంతుతో చదువుతుంది, ‘ళ’ కూడా చక్కగా పలుకుతుంది. అమ్మ అందులో, ఏమండీ లేవండి అని రాసి వినిపిస్తే నాన్న అదిరిపడి లేచాడు. ఎవరా పిల్ల, పెళ్లయిన మగాడి గదిలోకి ఎవరు రానిచ్చారు, మా ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది అని దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. వదిన నోరు నొక్కుకుని బయటికి వెళ్లిపోయింది. నవ్వు ఆపుకోవడానికో ఏడుపు ఆపుకోవడానికో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ వదినే తర్వాత తన ఫోన్లో ఒక వీడియో వెతికి పట్టుకుంది. ఎప్పటిదో పిల్లల పుట్టినరోజు. జనం వెనక ఎక్కడో అమ్మ పెట్టె, కేకు కోయండి, ఆలస్యమైంది, అంటోంది. అది వినిపించగానే నాన్న ముఖం వెలిగింది. మంచం దిగి, గోడ పట్టుకుని నడిమి గదిలోకి నడిచాడు. తలుపు వెనక చూశాడు. బీరువా పక్కన చూశాడు. చచ్చిపడి ఉన్న మానిటర్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆ వీడియో మళ్లీ ఎవరూ పెట్టలేదు.

ఈ వాదనంతా అమ్మ వింటూ ఉండగానే జరుగుతోంది. తనలో ప్రాణం ఉండగా అమ్మ నాన్నను పంపనివ్వదని పిట్ట అంది. అమ్మ కూడా మనిషే, ఎన్నాళ్లని ఓర్చుకుంటుందని అన్నయ్య అన్నాడు. గిన్నె కడిగి వచ్చిన అమ్మ వాళ్ల మధ్య నిలబడి చెయ్యి అడ్డంగా ఊపింది. పంపవద్దంటోంది చూడు అంది పిట్ట. పోట్లాడుకోవద్దంటోంది అన్నాడు అన్నయ్య. ఒక కాగితమిచ్చి రాయమనాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఊపిన ఆ చేతికి మణికట్టు దగ్గర వాపు ఉంది. కొత్తది. అదేమిటని పిట్ట అడిగితే అమ్మ కొంగు కప్పేసింది.

*

షాపు షట్టరు సగమే ఎత్తి పిట్ట వంగి లోపలికి దూరింది. గోడ పొడుగునా అరల్లో పాత పెట్టెలు, మూతల్లేని మానిటర్లు, అట్టపెట్టెల్లో ఫ్లాపీలు. టేబుల్ మీద ఒకే ఒక్క పెట్టె సిద్ధంగా ఉంది. ఎంబ్రాయిడరీ కార్ఖానా ఆయనది. బాగుచేసి, తుడిచి, సాయంత్రం తీసుకెళ్లమని ఆమే కబురు చేసింది. తనకు కావలసిన పవర్ సప్లై ఉన్నది ఆ పెట్టెలోనే.

అది ఇప్పుడెవరూ తయారుచేయరు. దూరం నుంచి వెతికి తెప్పించాలంటే రోజులు పడుతుంది.

ఆమె ఆయనకు ఫోన్ చేసింది. ఉన్న సంగతి దాచకుండా చెప్పింది. ఆయన అడ్డురాకుండా చివరిదాకా విన్నాడు. చెడ్డవాడు కాడు. నాన్నగారికి ఎలా ఉందని అడిగాడు కూడా.

“నీ కష్టం నాకు అర్థమైందమ్మా. కాని రేపు సరుకు అందకపోతే ఆర్డరిచ్చిన షాపువాళ్లు మళ్లీ నా గుమ్మం తొక్కరు. నా దగ్గర కుట్టేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. వద్దమ్మా, దాన్ని ముట్టుకోకు.”

సరేనండి అంది పిట్ట. ఫోన్ పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ అందుకుంది.

ఒకరి వస్తువులో చిన్న మర కూడా మార్చి ఎరగని చేతులవి. మూత విప్పుతుంటే ఒక మర కిందపడి ఎటో దొర్లిపోయింది. ఆమె వెతకలేదు. పవర్ సప్లై ఊడదీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుడ్డలో చుట్టుకుని బయటపడింది. ఇంటికి చేరేలోగా ఫోన్ మోగింది. ఆయన నంబరే. మోగనిచ్చింది.

*

ఆమె వచ్చేసరికి అన్నయ్య నాన్న బట్టలు సంచిలో సర్దుతున్నాడు. నాన్న అరవడం మానేశాడు. కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని పడుకున్నాడు. పొద్దున్నుంచీ ఆయన అరుపులకు హడలిపోయిన ఇంట్లోవాళ్లకు ఇప్పుడు ఈ నిశ్శబ్దం అంతకన్నా భయంగా ఉంది.

వదిన కొంగు బిగించి వచ్చి, ఏం పట్టుకోవాలో చెప్పు అంది. టార్చి పట్టుకోమంది పిట్ట.

పవర్ సప్లై బిగించి స్విచ్ వేసింది. ఒక్క కూత వినపడింది. తెర మెల్లగా తెల్లబడి అక్షరాలు వచ్చాయి. వదిన ఊపిరి పీల్చుకుంది. పిట్ట మాత్రం పీల్చుకోలేదు. హార్డ్ డిస్క్ కనపడటం లేదని ఆ అక్షరాలు చెబుతున్నాయి. బ్యాటరీ పోవడంతో, తనకు ఏ డిస్కు తగిలించి ఉందో కూడా మదర్‌బోర్డు మర్చిపోయింది.

“మామయ్యలాగే అయిందన్నమాట,” అంది వదిన.

డిస్కు మీది కాగితం వెలిసిపోయింది. టార్చి పక్కవాటంగా పట్టించి, అందులోని అంకెలు కూడబలుక్కుని పిట్ట ఒక్కొక్కటే ఎక్కించింది. మళ్లీ మొదలుపెట్టింది. ఫలితం లేదు. చెవి ఆనించి వింది. డిస్కు తిరగడమే లేదు. లోపలి పళ్లేనికి దాన్ని చదివే ముల్లు అతుక్కుపోయినట్టుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇన్ని రోజులు ఆగి ఉన్నది కాదు అది.

అలాంటప్పుడు ఏం చేస్తారో ఆమెకు తెలుసు. తన దగ్గరికి వచ్చేవాళ్లకు ఎన్నడూ చేయవద్దని చెప్పేది కూడా అదే. డిస్కును కాస్త వెచ్చబెట్టి, చేత్తో పట్టుకుని చటుక్కున ఒక మెలి తిప్పాలి. వదిలితే తిరుగుతుంది. వదలకపోతే ముల్లు విరిగి, నాన్న నేర్పిన మాటలన్నీ గీతలు పడి పోతాయి.

పిట్ట తలెత్తింది. గోడకు ఆనుకుని నిలబడిన అమ్మతో ఆ రెండు సంగతులూ చెప్పింది. ఏం చేయమంటావమ్మా అని అడిగింది.

అమ్మ ఆలోచించింది. ఆలస్యం చేయలేదు. కానివ్వు అన్నట్టు తలూపింది.

వదిన తన హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది. వెచ్చటి గాలి తగులుతుండగా పిట్ట డిస్కును అరచేతిలో పట్టుకుంది. బయట ఏదో బండి ఆగిన చప్పుడైంది. అన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్లి చూసి, వాళ్లది కాదన్నాడు. పిట్ట కళ్లు మూసుకుని మణికట్టు తిప్పింది. లోపల ఏదో సన్నగా టిక్కుమంది. విరిగిందో విడిపోయిందో ఆ చప్పుడును బట్టి తెలియలేదు.

స్విచ్ వేసింది.

ముందు మూలుగులాంటిది వినపడింది. అది మెల్లగా సన్నటి ఈలగా మారి పైకి లేచింది. నల్లతెర మీద తెల్లక్షరాలు వరుసకట్టాయి. చివర్లో ఒక గీత వెలుగుతూ ఆరుతూ నిలబడింది. స్పీకరు గరగరలాడి, ఏ ఎగుడుదిగుడూ లేని గొంతుతో ఒక మాట పలికింది.

“సిద్ధం.”

వదిన టార్చి ఆర్పడం మర్చిపోయి నిలబడింది.

పక్కగదిలో మంచం కిర్రుమంది. “వచ్చావా?” అన్నాడు నాన్న. నీరసంతో ఆ మాట సగమే బయటికి వచ్చింది. “ఎక్కడికి పోయావే ఇంతసేపు?”

పిట్టకు ఏడుపు తన్నుకొచ్చింది. కాని చెవి మాత్రం డిస్కు మీదే ఉంది. ఈల మధ్యలో టిక్కు, టిక్కు అని ఒక చప్పుడు. ఆ చప్పుడు విన్న డిస్కులేవీ ఎక్కువకాలం నిలవలేదు. జేబులోంచి ఫ్లాపీ తీసి పెట్టెలోకి తోయబోయింది. మాటల ఫైళ్లు ముందు ఇందులోకి ఎక్కించేస్తాను, కాసేపే, కాసేపు ఆగమ్మా అంది.

అమ్మ ఆ ఫ్లాపీ మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది. కుర్చీ లాక్కుని మీటల ముందు కూర్చుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట టైపు చేయడం అమ్మకు ఊపిరి తీసుకోవడంలాంటిది. టైపు చేసి ఎంటర్ నొక్కితే పెట్టె పలుకుతుంది.

“ఏమండీ. ఇక్కడే ఉన్నాను. రండి.”

నాన్న వచ్చాడు. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో అన్నయ్య భుజం పట్టుకుని వచ్చాడు. కుర్చీలో ఉన్న మనిషిని దాటుకుని స్పీకరు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పాపెట్టకుండా పోతే ఎలా అన్నాడు. ఇంట్లో ఎవరెవరో తిరుగుతున్నారు, ఒక ఆడమనిషి రాత్రంతా నా గదిలోనే ఉంది, నాకు భయం వేసింది అన్నాడు. అమ్మ చేతులు మీటల మీద ఒక్క క్షణం ఆగాయి.

“భయం లేదు. జావ తాగండి. నీల్లు కూడా తాగాలి.”

వదిన గిన్నె అందిస్తే, ఆయన వేరే ఏమీ అడగకుండా తాగాడు. గడ్డం మీద కారింది కూడా తుడుచుకున్నాడు. పిట్ట గోడకు జారబడి నేల మీద కూర్చుండిపోయింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. బట్టల సంచి ఇంకా అతని చేతిలోనే ఉంది.

“బండి వద్దని చెప్పేస్తానులే,” అన్నాడు మెల్లగా. ఫోన్ తీశాడు.

అమ్మ గబగబా టైపు చేసింది. ఎంటర్ మాత్రం నొక్కలేదు. తెర వైపు వేలు చూపించింది. అన్నయ్య వంగి చదివాడు. పిట్ట లేచి వచ్చి చదివింది.

వద్దనకు. రానివ్వు.

“ఏంటమ్మా ఇది?” పిట్ట గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “తింటున్నాడు కదా. మాట వింటున్నాడు. నేను దీన్ని నిలబెడతాను. ఇది పోయినా ఇంకో పెట్టెలో పెడతాను. నాకు కాస్త టైమివ్వు.”

అమ్మ అక్షరాలు చెరిపి కొత్తవి టైపు చేసింది. నాన్నకు వినపడకుండా అలాగే తెర మీద వదిలేస్తూ వచ్చింది.

నిన్న రాత్రి లేచి నన్ను చూసి దొంగ అనుకున్నారు. చెయ్యి విరిచినంత పని చేశారు. తర్వాత మూలకు వెళ్లి కూర్చుని వణికారు. ఆయన కొట్టినందుకు కాదు నా బాధ. నన్ను చూసి వణికారు.

చెరిపింది.

ఈ కుర్చీలోంచి లేస్తే ఆయనకు నేను లేను. ఇరవై నాలుగు గంటలూ ఇందులోనే కూర్చోలేను.

అమ్మ ముఖం నిబ్బరంగా ఉంది. ఆ నిబ్బరం చూస్తే పిట్టకు కోపం వచ్చింది. పొద్దున్నుంచీ తను దేనికోసం పరుగెత్తిందో, ఎవరి వస్తువు దొంగతనంగా పట్టుకొచ్చిందో తలచుకుంటే అది ఇంకా పెరిగింది.

“దీనికోసమా అమ్మా నాతో బాగుచేయించుకున్నావు?”

అమ్మ ఆమె వైపు చూసి, మళ్లీ మీటల మీదికి వంగింది.

నేను మాట్లాడాలనే కదా బాగుచేశావు. మాట్లాడనివ్వు. పొద్దున్నుంచీ మీరిద్దరే మాట్లాడారు.

అన్నయ్య సంచి కింద పెట్టాడు. కళ్లజోడు తీసి చేతిలోనే పట్టుకుని, కనపడని కళ్లతో కిటికీ వైపు తిరిగాడు.

ఆ టిక్కు టిక్కు ఏంటో చెప్పు, అని అమ్మ టైపు చేసింది. ఎన్నాళ్లు తిరుగుతుంది?

అబద్ధం చెబుదామనుకుంది పిట్ట. ఈ పనిలో ఇవాళ్టి దాకా ఎవరికీ అబద్ధం చెప్పలేదు ఆమె. ఆగితే మళ్లీ లేస్తుందో లేదో తెలియదమ్మా, ఇవాళే పోవచ్చు అంది. అంటూనే ఏడ్చేసింది.

ఇది పోయాక పంపితే ఎవరో ఎత్తుకుపోతున్నారని అరుస్తారు. కట్టేసి తీసుకెళ్లాలి. ఇప్పుడైతే నేను చెబితే లేచి నడుచుకుంటూ వెళ్తారు.

ఈసారి అమ్మ అక్షరాలను చెరపలేదు. వాళ్లిద్దరూ మళ్లీ చదువుకునేదాకా ఆగింది.

బయట బండి ఆగింది. హారన్ ఒక్కసారే మోగింది, మర్యాదగా. వదిన కిటికీ తెర తొలగించి చూసి, మళ్లీ వేసేసింది.

అమ్మ తెర ఖాళీ చేసింది. నడుము నిటారుగా పెట్టుకుని, ఒక్కో మీటా జాగ్రత్తగా నొక్కి, ఎంటర్ కొట్టింది.

“ఏమండీ. ఒంట్లో బాగా లేదు కదా. పెద్దాడు బండి తెప్పించాడు. వాడితో వెల్లండి.”

“ఇప్పుడా?” అన్నాడు నాన్న.

“ఇప్పుడే. అక్కడ బాగా చూసుకుంటారు. పెట్టింది తినండి. వాల్లు చెప్పిన మాట వినండి.”

“నువ్వు చెప్పాలి గాని,” అన్నాడాయన. వెంటనే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. అన్నయ్య ఆయన రెక్క పట్టుకున్నాడు. పట్టుకున్నవాడే నిలబడలేనట్టున్నాడు. బాబూ, జాగ్రత్త, నువ్వు పడిపోతావు అని నాన్నే అతన్ని సర్ది పట్టుకున్నాడు.

డిస్కులో టిక్కుల మధ్య ఎడం తగ్గుతోంది. పిట్ట చేతిలో ఫ్లాపీ చెమటకు తడిసింది. ఇప్పుడు దాన్ని లోపలికి తోస్తే, ఎక్కేంతసేపూ అమ్మ మాట్లాడలేదు. తోయకపోతే ఈ గొంతు ఈ మధ్యాహ్నంతో సరి. ఆమె తోయలేదు. ఎందుకు తోయలేదో తర్వాత ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

వదిన చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. నాన్న ఒకటి తొడుక్కుని, రెండోది తొడుక్కోబోతూ ఆగాడు. ఏదో జ్ఞాపకం వచ్చినట్టు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. స్పీకరు వైపే చూశాడు.

“నువ్వు వెనకాలే వస్తున్నావు కదా?”

అమ్మ చేతులు కదిలాయి. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. వస్తున్నాను.

ఎంటర్ మీదికి వేలు వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

“ఏమే,” అన్నాడు నాన్న. మళ్లీ ఆయన గొంతులో భయం పలికింది. “మాట్లాడవేం?”

ఆ అబద్ధం తన చేత్తో పలికించలేక అమ్మ ఆ మీట మీదినుంచి వేలు తీసేసి, నువ్వు నొక్కు అన్నట్టు పిట్ట వైపు తిరిగింది.